ఆ కాగితం ఎవరు రాయించారు? మధ్యయుగపు ఐరోపా బతుకులు మనకెలా తెలిశాయి

1320లో ఫ్రాన్సు దక్షిణాన, పిరనీస్ కొండలకు దగ్గర్లో ఉన్న పామియే పట్టణపు బిషప్ మనుషులు బియాత్రిస్ ద ప్లానిసోల్ అనే వితంతువును పట్టుకున్నారు. ఆమె సామాన్లు సోదా చేస్తే ఎండిన బొడ్డుతాళ్లు రెండు, రక్తపు మరకలున్న గుడ్డలు, సాంబ్రాణి, అద్దం, చిన్న కత్తి దొరికాయి. ఇవన్నీ ఎందుకని బిషప్ అడిగాడు. బొడ్డుతాళ్లు మా మనవళ్లవి, అవి దగ్గర ఉంచుకుంటే వ్యాజ్యంలో ఓడిపోనని ఒకామె చెప్పింది అంది బియాత్రిస్. గుడ్డల మీది రక్తం కూతురు మొదటిసారి ముట్టయినప్పటిదట. పెళ్లయ్యాక ఆ రక్తం కాస్త అల్లుడి చేత తాగిస్తే అతను ఇంకో ఆడదాని వంక చూడడని నమ్మకమట.

700 ఏళ్ల కిందటి ఒక ఆడమనిషి మూటలో ఏముందో, ఎందుకుందో మనకు ఇంత వివరంగా తెలుసు. ఆ రోజుల్లో ఐరోపాలో బతికిన కోట్లమంది గురించి ఇందులో వందో వంతు కూడా తెలియదు. ఆమెను అనుమానించిన మనిషికి ఓపిక ఎక్కువ కావడమే దీనికి కారణం. జాక్ ఫూర్నియే అనే ఆ బిషప్ 1318 నుంచి 1325 దాకా, చర్చి మతద్రోహులుగా ప్రకటించిన కాథార్ల కోసం ఆ కొండపల్లెల్ని జల్లెడ పట్టాడు. మోంతయూ అనే పల్లెలో ఉన్నదే సుమారు 250 మంది. అక్కడ ఎవరింట్లో ఎవరు భోంచేశారో, గొర్రెల కాపరులు చలిమంట చుట్టూ కూర్చుని ఏం మాట్లాడుకున్నారో అన్నీ అడిగి రాయించాడు. ఆ తర్వాత 1334లో అతనే పన్నెండో బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాడు. అతని రిజిస్టరు పోప్‌ల గ్రంథాలయానికి చేరి ఈనాటికీ వాటికన్‌లో భద్రంగా ఉంది. రాయించినవాడు మామూలు బిషప్‌గానే కన్నుమూసి ఉంటే అది ఏ ఎలుకల పాలో అయి ఉండేదని నా అనుమానం.

ఇలాంటి పత్రం చేతికందగానే మనకు తట్టే ప్రశ్న, ఇది నిజమా అబద్ధమా అని. చరిత్రకారులు మాత్రం ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెడతారు. దీన్ని ఎవరు, ఎవరి కోసం, ఏ పని గడుపుకోవడానికి రాయించారు? ఇన్ని వందల ఏళ్లు దాన్ని దాచిన వాళ్లకు అందులో లాభమేమిటి? ముందు ఇవి తేలాలి. ఎందుకంటే ఒకే పత్రం ఒక విషయంలో పచ్చి అబద్ధం చెబుతూ, పక్క వాక్యంలోనే మనకు కావలసిన నిజాన్ని అమాయకంగా జారవిడుస్తుంది. పత్రాన్ని మొత్తంగా నమ్మడమో, మొత్తంగా కొట్టిపారేయడమో చేస్తే రెండు విధాలా నష్టమే.

ఫూర్నియే రిజిస్టరునే చూడండి. సాక్షి మాట్లాడింది ఆక్సిటాన్ భాష. గుమస్తా తన దగ్గర గుర్తులు రాసుకుని, తర్వాత దాన్ని లాటిన్‌లో పెట్టాడు, అదీ "ఆమె ఇలా చెప్పింది" అనే ప్రథమ పురుషలో. ఆ లాటిన్‌ను మళ్లీ వాళ్ల భాషలో సాక్షికి చదివి వినిపించి, అవునా కాదా అని అడిగి, సవరణలుంటే చేర్చి, చివరికి తోలు కాగితం మీద శుద్ధప్రతి ఎత్తారు. అంటే బియాత్రిస్ నోటి మాటకూ మన కంటికీ మధ్య కనీసం రెండు భాషలు, ఇద్దరు ముగ్గురు గుమస్తాలు ఉన్నారు. ఫ్రెంచి చరిత్రకారుడు ఎమ్మాన్యుయేల్ ల రువా లదూరి 1975లో ఈ రిజిస్టరు ఆధారంగా మోంతయూ పల్లె జీవితాన్ని కళ్లకు కట్టినప్పుడు పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. విమర్శకులు పట్టుకున్నది కూడా ఈ దూరాన్నే. విచారణ గదిని పల్లె రచ్చబండ అనుకుని చదివారని, బిషప్‌ను ఊళ్లో మకాం పెట్టిన మానవశాస్త్ర పరిశోధకుడిలా చూశారని ఆక్షేపించారు. ఆక్షేపణలో పస ఉంది. ఎదుట కూర్చున్నవాడికి నిన్ను కాల్పించే అధికారం ఉన్నప్పుడు నువ్వు చెప్పేది కబుర్లు కావు. ఫూర్నియే విచారణల తర్వాత అయిదుగురిని నిజంగానే కాల్చారు కూడా.

అయినా ఆ రిజిస్టరు పనికిరాకుండా పోలేదు. "కాథార్ గురువుకు మొక్కావా?" అనే ప్రశ్నకు వచ్చిన జవాబును భయం తొక్కిపట్టి ఉంటుంది. అక్కడ సాక్షి తప్పించుకోవాలని చూస్తాడు, పక్కింటివాడి మీదికి నెడతాడు, బిషప్ వినదలచుకున్నదే చెబుతాడు. అదే సాక్షి ఆ మాట ఎప్పుడు విన్నాడో చెప్పడానికి, "ఫలానా ఆమె ఎండలో కూర్చుని ఫలానా ఆమెకు పేలు చూస్తున్నప్పుడు" అంటాడు. పేలు చూడడం గురించి బిషప్‌కు పట్టింపు లేదు. సాక్షికి అందులో దాచవలసినదీ లేదు. మోంతయూలో పేలు చూడడం ఆడవాళ్ల పని అని, ఊరి కబుర్లన్నీ ఆ పని మీదే నడిచేవని, ఇంటి పెద్దావిడకు ఇంకొకరు పేలు తీయడం మర్యాదలో భాగమని ఇలాంటి పక్కమాటలను ఏరి కూర్చుకుంటే తెలుస్తుంది. వృత్తి చరిత్రకారులకు ఇష్టమైన సాక్ష్యం ఇదే: చెబుతున్నానన్న స్పృహ లేకుండా చెప్పింది. అయితే ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. ఒకే వాక్యం నలుగురైదుగురు సాక్షుల నోట అచ్చు అలాగే వస్తే అది వాళ్ల మాట కాదు, గుమస్తా దగ్గరున్న ప్రశ్నావళి మాట.

పూర్తిగా దొంగపత్రమని తేలినదాని సంగతి ఇంకా వింతగా ఉంటుంది. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 4వ శతాబ్దంలో పశ్చిమ సామ్రాజ్యాన్ని పోప్‌కు ధారపోశాడని చెప్పే దానపత్రం ఒకటి మధ్యయుగాల్లో చెలామణీ అయ్యింది. 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు దాని లాటిన్‌ను వాక్యం వాక్యం విప్పి, ఇది కాన్‌స్టంటైన్ కాలపు భాష కానే కాదని చూపించాడు. రోమ్ అధికారుల జాబితాలో పారశీక రాజ్యపు పదవి 'సత్రప్' ఎలా వచ్చింది? ఇంకా కట్టని కాన్‌స్టాంటినోపుల్ నగరానికి అప్పుడే మతపీఠం ఎక్కడిది? పత్రం పుట్టింది 8వ శతాబ్దంలో అని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం. 4వ శతాబ్దం గురించి అది చెప్పేది సున్నా. కానీ 8వ శతాబ్దపు రోమ్‌లో పోప్ ఆస్థానం ఏం కోరుకుంది, ఎవరిని ఒప్పించాలనుకుంది, అధికారాన్ని ఏ మాటల్లో ఊహించుకుంది అన్నదానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

మఠాలు సృష్టించిన దొంగ దానపత్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వీటిని పట్టుకోవడానికే 1681లో జాఁ మబియోఁ అనే బెనెడిక్టిన్ సన్యాసి ఒక శాస్త్రాన్ని నిలబెట్టాడు. అక్షరాల వంపు, తోలు తయారీ, ముద్ర, తేదీ వేసే పద్ధతి, సంతకాల వరస, పత్రం ఎత్తుగడలో వాడే మాటలు, వీటిని ఒకే కాలపు అసలు పత్రాలతో పోల్చి చూడడం ఆ పద్ధతి. సాటి సన్యాసుల పత్రాల మీద వచ్చిన అనుమానాలకు జవాబివ్వబోయి, అబద్ధాన్ని పట్టే పనిముట్లను లోకానికి ఇచ్చాడాయన. దొంగపత్రం రాసిన ప్రతి సన్యాసినీ మోసగాడని అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. తరతరాలుగా నిజంగానే తమ అనుభవంలో ఉన్న పొలానికి ఒక్కసారిగా "కాగితం ఏది?" అని అడిగే రోజులు వచ్చినప్పుడు చాలా మఠాలు కాగితం పుట్టించాయి. హక్కు అసలైనదే, పత్రం ఒక్కటే దొంగది.

సామాన్యుల బతుకు గురించి అడిగితే మాత్రం చరిత్రకారులు ఇంగ్లండులోని భూస్వాముల కోర్టు చుట్టల దగ్గరికి, అంటే చుట్టచుట్టి దాచిన తోలు కాగితాల రికార్డుల దగ్గరికి తీసుకుపోతారు. 13వ శతాబ్దం నుంచి వేల సంఖ్యలో మిగిలాయి. భూస్వామి తన కౌలుదార్ల మీద నడిపే కోర్టు అది. ఎవరి పశువు ఎవరి చేలో పడింది, ఎవరు పెళ్లికి రుసుము కట్టారు, ఎవరు చనిపోతే వారి పశువుల్లో మంచిదాన్ని భూస్వామికి జమ చేసుకున్నారు, అన్నీ లాటిన్‌లో పొడిపొడిగా రాసి ఉంటాయి. ఇందులో ఊరి ఆడవాళ్లకు "ఏల్ కాచి నిబంధన మీరినందుకు" జరిమానాలు కుప్పలుగా కనిపిస్తాయి. ఏల్ అంటే ఆ ఊళ్లలో ఇంటింటా తాగే బార్లీ బీరు. రెండు మూడు చుట్టలు చదివి వదిలేస్తే ఆడవాళ్లంతా కొలతల్లో మోసం చేసేవారేమో అనిపిస్తుంది. కొన్ని దశాబ్దాల చుట్టల్ని వరసగా చదివితే సంగతి బయటపడుతుంది. అవే పేర్లు, దాదాపు అవే మొత్తాలు మళ్లీ మళ్లీ వస్తాయి. జరిమానా అని పేరేగానీ అది లైసెన్సు ఫీజు. ఇంగ్లండు ఆడవాళ్లు ఏల్ కాచిన చరిత్ర మీద పనిచేసిన జూడిత్ బెనెట్ చూపిన ఇంకో చిక్కు ఇంతకంటే గట్టిది. కొన్ని ఊళ్లలో గుమస్తాలు ఆ జరిమానాను భర్త పేరు మీద రాసేవారు. పొయ్యి దగ్గర నిలబడ్డది భార్యే, చుట్టలో పడ్డది భర్త పేరు. ఆ తేడా గమనించకపోతే, ఫలానా దశాబ్దంలో ఆ పని మగవాళ్ల చేతికి పోయిందని లేని చరిత్రను రాసేస్తాం.

1348–49లో ప్లేగు మహమ్మారి వచ్చినప్పుడు ఎందరు పోయారో లెక్కకట్టడానికి కూడా ఈ చుట్టలే దిక్కు. చావుకు పశువు కట్టిన పద్దుల్ని లెక్కపెడతారు. కానీ పశువు కట్టేది భూమి ఉన్నవాడు. పిల్లలు, కూలీలు, భూమి లేని ఆడవాళ్లు చచ్చిపోయినా చుట్టకు తెలియదు.

ఈ చుట్టల విలువ ఆనాటి రైతులకూ బాగా తెలుసు. 1381 తిరుగుబాటులో ఎసెక్స్, కెంట్ ప్రాంతాల్లో గడీల మీద పడ్డవాళ్లు ఏరి ఏరి కోర్టు చుట్టల్ని తగలబెట్టారు. కేంబ్రిడ్జిలో విశ్వవిద్యాలయపు పత్రాల్ని సంతలో కాలుస్తుంటే మార్జరీ స్టార్ అనే ముసలమ్మ ఆ బూడిదను గాలిలోకి ఎగజల్లుతూ "పోవాలి గుమస్తాల చదువు, పోవాలి" అని అరిచిందని అప్పటి కథనం. ఈ కథనాలు రాసింది ఎవరు? ఆ గుమస్తాలు, సన్యాసులే. తిరగబడిన వాళ్లను మూకగా, పశువులుగా వర్ణించారు. ఆ తిట్లను పక్కకు తోసి ఏది కాల్చారు, ఏది వదిలేశారు అని చూస్తే, వెట్టి రాసి ఉన్న కాగితమే వాళ్ల గురి అని తేలుతుంది.

అంకెలు కనిపిస్తే పాఠకుడికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం పూర్తిగా మంచిది కాదు. ఇంగ్లండు రాజు మొదటి విలియం 1086లో చేయించిన భూమి సర్వే, అంటే డూమ్స్‌డే పుస్తకంలో 13 వేలకు పైగా ఊళ్లు, సుమారు 2,69,000 మంది నమోదయ్యారు. అయితే వీళ్లు ఎక్కువగా ఇంటి పెద్దలు. జనాభా కావాలంటే ఇంటికి ఇంతమంది అని హెచ్చించాలి. ఇంటికి 3.5 అనుకుంటే 9 లక్షల 40 వేలు, 5 అనుకుంటే 13 లక్షల 45 వేలు. ఆ తేడా 1086లో లేదు, 20వ శతాబ్దపు పండితుడి ఊహలో ఉంది. దీనికి తోడు లండన్, వించెస్టర్ నగరాల వివరాలే అందులో లేవు. ఉత్తరాది చాలా భాగం కూడా లేదు.

దానికంటే 1427లో ఫ్లోరెన్స్ నగరం తన ఏలుబడిలోని టస్కనీలో తీసిన పన్ను లెక్క చాలా నయం. సుమారు 60,000 కుటుంబాలు, మనుషులు, వయసులు, ఆస్తులు, అప్పులు అన్నీ ఉన్నాయి. డేవిడ్ హెర్లిహీ, క్రిస్టియాన్ క్లాపిష్-జుబేర్ కంప్యూటర్ సాయంతో దీన్ని విడదీసి చూస్తే 40 ఏళ్లవాళ్లు, 50 ఏళ్లవాళ్లు, 60 ఏళ్లవాళ్లు గుట్టలుగా తేలారు. 39, 41 వాళ్లు మాత్రం కరువయ్యారు. జనానికి తమ వయసు సరిగ్గా తెలియక దగ్గరి గుండ్రటి అంకె చెప్పారన్నమాట. మన జనగణనలోనూ కనిపించే సంగతే ఇది. కానీ అంతా అమాయకత్వం కాదు. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్ల మీద తలపన్ను ఉంది కాబట్టి 60 దాటామని చెప్పుకోవడంలో కొందరికి లాభముంది. ఇంట్లో తినే ప్రతి నోటికీ 200 ఫ్లోరిన్ల (అక్కడి బంగారు నాణేల) ఆస్తి మినహాయింపు దొరికేది కనుక మనుషుల్ని దాచడానికి అంత అవసరం లేదు. అయినా ఆడపిల్లలు మాత్రం లెక్కలో తక్కువ పడ్డారు. వాళ్లు నిజంగా తక్కువున్నారా, చెప్పడానికే తలచుకోలేదా అన్న దాని మీద పేజీలకు పేజీల వాదన నడిచింది.

చట్టాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1363లో ఇంగ్లండు పార్లమెంటు ఏ అంతస్తువాళ్లు ఏ బట్ట కట్టాలో శాసించింది, రెండేళ్లలోపే రద్దు చేసింది. దాన్ని చదివి "ఆనాడు రైతులు ముతకబట్టే కట్టేవారు" అని రాయడం తప్పు. కొందరు మంచిబట్ట కట్టడం మొదలుపెట్టారని, అది పైవాళ్లకు కంటగింపైందని రాయవచ్చు. బొమ్మలూ అంతే. 1325–1340 మధ్య లింకన్‌షైర్ భూస్వామి జెఫ్రీ లట్రెల్ కోసం తయారైన ప్రార్థన పుస్తకంలో రైతులు శుభ్రమైన రంగు బట్టలతో దున్నుతుంటారు. నాగలి అమరికను నమ్మవచ్చు, ఆ బట్టల శుభ్రాన్ని నమ్మనవసరం లేదు. ఇక ఆడవాళ్ల నడుముకు బిగించి తాళం వేసేవారని చెప్పే ఇనప శీలకవచాలంటూ మ్యూజియాల్లో పెట్టిన వాటిలో చాలావరకు 18, 19 శతాబ్దాల్లో తయారైనవని నిపుణులు ఇప్పుడు అంటున్నారు. మధ్యయుగపు అనాగరికతను చూడాలని ఉబలాటపడిన జనం కోసం పుట్టిన సరుకు అది.

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఎవరో పనిగట్టుకుని దాచిన కాగితాలు. దాచేవాళ్లకు ఆస్తి ఉంటుంది, హక్కు ఉంటుంది, పగ ఉంటుంది. మరి పారేసిన కాగితాల మాటేమిటి? 1951 జూలై 26న రష్యాలోని నొవ్‌గొరొద్ తవ్వకాల్లో నీనా అకులోవా అనే కార్మికురాలికి బురదలో చుట్టుకుపోయిన భూర్జపత్రం ముక్క దొరికింది. మీద గీతలున్నాయి. మనవాళ్లు తాటాకు మీద గంటంతో గీకినట్టే, వాళ్లు సిరా లేకుండా మొనదేలిన పుల్లతో బెరడు మీద గీకేవారు. ఆ తర్వాత దొరుకుతూనే పోయాయి, ఇప్పుడు 1,100 దాటాయి. గాలి చొరని తడిమట్టి వాటిని కుళ్లనివ్వలేదు. పక్కనే ఉన్న కొయ్య వీధుల దుంగల వలయాలను బట్టి ఏ పొర ఏ కాలానిదో చెప్పగలుగుతున్నారు.

అందులో ఉన్నవేమిటంటే బాకీలు, చేపలు పంపమనే కబుర్లు, తగాదాలు. 13వ శతాబ్దపు ఒక ముక్కలో మికీత అనేవాడు ఉల్యానిత్సకు రాశాడు: "నన్ను చేసుకో. నాకు నువ్వు కావాలి, నీకు నేను. దీనికి సాక్షి ఇగ్నాత్." అదే శతాబ్దంలో ఓన్‌ఫిమ్ అనే కుర్రాడు అక్షరాలు దిద్దుతూ విసుగొచ్చి, గుర్రమెక్కి శత్రువును ఈటెతో పొడుస్తున్న వీరుణ్ని గీసి పక్కన తన పేరు రాసుకున్నాడు. ఇవి బయటపడక ముందు, చదువంతా మతగురువుల సొత్తు, పామరులకు అక్షరం రాదు అన్న అభిప్రాయం బలంగా ఉండేది. దాచిన కాగితాలు చూసి వచ్చిన అభిప్రాయం అది. మిగతా ఐరోపాలో ఇలాంటి నేల అన్నిచోట్లా లేదు కాబట్టి, నొవ్‌గొరొద్ జనమే ప్రత్యేకంగా చదువుకున్నారా, లేక అక్కడి బురదే ప్రత్యేకమా అన్నది అడగవలసిన ప్రశ్నే.

కాగితాలన్నీ పక్షపాతంతో ఉన్నాయి, ఎముకలు అబద్ధం చెప్పవు కదా అనేవాళ్లున్నారు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ అనే పాడుబడ్డ పల్లెను 1950 నుంచి 1990 దాకా ప్రతి ఎండాకాలం తవ్వారు. చర్చి శ్మశానంలో దాదాపు 690 అస్థిపంజరాలు దొరికాయి. పసిపిల్లల ఎముకల్లోని నైట్రోజన్ రకాల పాళ్లను కొలిచి, అక్కడి తల్లులు సుమారు ఏడాదిన్నర దాకా చనుబాలిచ్చేవారని తేల్చారు. ఏ కోర్టు చుట్టలోనూ దొరకని సంగతి ఇది. ప్లేగు వల్లనే ఊరు పాడుపడిందన్న నమ్మకమూ నిలవలేదు. ఊరు మహమ్మారిని దాటుకుని నిలిచింది. 1500 ప్రాంతంలో గొర్రెల మేత కోసం భూస్వామి మిగిలిన కొద్ది కుటుంబాలనూ ఖాళీ చేయించాడు.

కానీ ఎముకలకూ తిరకాసు ఉంది. జబ్బు ఎముక మీద గుర్తు వేయాలంటే నెలలు, ఏళ్లు పడుతుంది. బలహీనుడు అంతకు ముందే చనిపోతాడు, అతని ఎముక నున్నగా ఉంటుంది. తట్టుకుని బతికినవాడి ఎముక మీదే మచ్చలు మిగులుతాయి. మచ్చలున్న ఎముకను రోగిష్ఠిదనీ, లేనిదాన్ని ఆరోగ్యవంతుడిదనీ అంటే తలకిందులవుతుంది. 1992లో కొందరు పరిశోధకులు ఈ చిక్కును బయటపెట్టాక శ్మశానాల లెక్కల్ని మళ్లీ చదవవలసి వచ్చింది. పైగా శ్మశానంలో ఉన్నవాళ్లంతా చనిపోయినవాళ్లే. ఊళ్లో ఆ ఏడు బతికి ఉన్నవాళ్ల ఆరోగ్యం గురించి వాళ్లను అడిగి ఎంతవరకు చెప్పగలం?

మహమ్మారి విషయంలో ప్రయోగశాల ఒక వాదాన్ని మూసేసి ఇంకోదాన్ని తెరిచింది. లండన్ ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్‌లో 1348–49 నాటి ప్లేగు గోతుల్లోని దంతాల నుంచి తీసిన డీఎన్ఏతో 2011లో ఆ సూక్ష్మజీవి జన్యుక్రమాన్ని కూర్చారు. అది యెర్సీనియా పెస్టిస్, అంటే ప్లేగే. అది ప్లేగు కాదేమో అన్న పాత అనుమానం దాదాపు తీరిపోయింది. ఎందరు చనిపోయారన్నది మాత్రం డీఎన్ఏ చెప్పదు. 2022లో ఇంకో బృందం చెరువులు, బురదనేలల అడుగున పేరుకున్న పుప్పొడిని ఇప్పటి 19 దేశాల్లోని 261 చోట్ల నుంచి తీసి, ప్లేగుకు ముందూ తర్వాతా పంటల పుప్పొడి ఎంతుందో పోల్చింది. ఫ్రాన్సు, స్కాండినేవియా, మధ్య ఇటలీ లాంటి చోట్ల సాగు బాగా పడిపోయింది. పోలండ్, ఐర్లండ్, మధ్య స్పెయిన్ లాంటి చోట్ల పడిపోలేదు, కొన్నిచోట్ల పెరిగింది కూడా. ఐరోపా అంతా ఒకే తీరున సగం ఖాళీ అయిందన్న మాటకు ఇది అడ్డం వచ్చింది. వెంటనే ఎదురు ప్రశ్నలు మొదలయ్యాయి. పుప్పొడి చేనుందని చెబుతుంది గానీ దాన్ని ఎవరు దున్నారో చెప్పదు కదా, చనిపోయిన వాళ్ల పొలాలను పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సాగు చేసుకుని ఉండొచ్చు కదా అని. ఇంగ్లండులో అయితే కోర్టు చుట్టలతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. పోలండ్ పల్లెలకు ఆ కాలపు చుట్టలు అంత దట్టంగా లేవు. అందుకని ప్రస్తుతానికి అక్కడ పుప్పొడి మాటే ఎక్కువగా వినిపిస్తోంది.